గాయం మానింది... కునుకే కరవైంది!

తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది. కుట్లు మానాయి, స్కానింగ్ చూసి ‘భయం లేదు’ అన్నారు. అయినా రాత్రి కన్ను మూతపడదు, పగలు ఒళ్లు లేవదు. ఇంట్లోవాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది. నిపుణులు మాత్రం అది గాయంలో మిగిలిపోయిన భాగమే అంటున్నారు. దానికి మాత్రలకన్నా ముందు మాటలతో, ఓ చిన్న నోటుపుస్తకంతో వైద్యం చేయొచ్చనీ చెబుతున్నారు.

చిత్తూరు జిల్లా కార్వేటినగరం. స్కంధ పుష్కరిణి రాతిమెట్ల మీద వెలుగు పడేసరికే ఊరు లేచిపోతుంది. పాలక్యాన్లు కదులుతాయి. మామిడి కాలమైతే తోటల నుంచి కాయల ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ ఊళ్లో ఓ ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటి పెద్దకొడుకుకు ముప్ఫై రెండేళ్లు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు. ఏడాది కిందట పుత్తూరు నుంచి బండి మీద వస్తూ పడ్డాడు. తలలో రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ చేశారు. మూడు వారాలకు ఇంటికొచ్చాడు. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, అందర్నీ గుర్తుపడుతున్నాడు. ఊరంతా వచ్చి చూసి ‘దేవుడున్నాడు’ అని వెళ్లింది.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. రాత్రి తొమ్మిదికే మంచమెక్కుతాడు. పన్నెండు దాటినా నిద్ర రాదు. వచ్చినా రెండింటికి మెలకువ. తెల్లవారుజామున పట్టిన కునుకు పొద్దెక్కినా వదలదు. కొట్టు తీస్తే గంట తిరక్కముందే తల బరువెక్కుతుంది. నలుగురు ఒక్కసారి మాట్లాడితే చిరాకు. మధ్యాహ్నం మళ్లీ మంచం.

‘‘తలకు తగిలింది మానిపోయిందని డాక్టరు చెప్పినాడు గదరా. ఇంకా ఏందిరా ఈ పండుకునేది?’’ అంటుంది అమ్మ.

‘‘పండుకుంటానే ఉంటే ఒళ్లు మొద్దుబారిపోతాది’’ అంటాడు నాయన.

భార్య ఏమీ అనదు. కానీ కొట్టు బాడుగ, పిల్ల స్కూలు ఫీజు ఆమె మొహంలోనే కనిపిస్తుంటాయి అతనికి. ఆ మొహం చూడలేకే గోడవైపు తిరిగి పడుకుంటాడు.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. తలకు గాయమైన మనిషి ఉన్న ఎన్నో ఇళ్లలో జరిగేదాన్ని ఒక్కచోట చేర్చి చెప్పుకొంటున్నది. ఈ ప్రాంతంలో చెయ్యో కాలో విరిగితే ఎటు పోవాలో చిన్నపిల్లాడైనా చెబుతాడు. పక్కనే పుత్తూరు. అక్కడి కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచీ జనం వస్తారు. తల పగిలితే తిరుపతికో, రాయవేలూరికో, చెన్నైకో పరుగెత్తాలనీ అందరికీ తెలుసు. మరి ఇంటికి తిరిగొచ్చాక నిద్ర పట్టకపోతే? నీరసం వదలకపోతే? అది ఎవరికి చెప్పాలో, అసలు చెప్పుకోవాల్సిన జబ్బేనో కాదో కూడా చాలామందికి తెలియదు.

బద్ధకం కాదు, గాయమే!

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని పొట్టనపెట్టుకున్నాయి. అదే ఏడాది గాయపడినవారు 4,43,366 మంది. ఇవి కేంద్ర రవాణాశాఖ లెక్కలు. చనిపోయినవారి సంఖ్య పేపర్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. గాయపడి ఇంటికి చేరినవారి తర్వాతి బతుకు ఎక్కడా లెక్కకు రాదు. మన దగ్గర మెదడు గాయాల్లో సుమారు 60 శాతానికి రోడ్డు ప్రమాదాలే కారణమని బెంగళూరులోని నిమ్హాన్స్ నిపుణులు ఎప్పట్నుంచో చెబుతున్నారు. తర్వాతి స్థానం ఎత్తు నుంచి పడిపోవడానిది.

మెదడుకు గాయమైనవారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక రకమైన నిద్ర ఇబ్బంది ఉంటుందని, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన 2012 నాటి సమీక్ష ఒకటి తేల్చింది. కెనడాలోని క్యూబెక్‌లో 452 మందిని అడిగి 2006లో వెలువరించిన అధ్యయనంలోనూ సగం మంది నిద్రలేమి లక్షణాలున్నాయన్నారు. వారిలో చికిత్స అవసరమయ్యేంత తీవ్రంగా ఉన్నవారు 29 శాతం. అంటే గాయపడిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు!

ఎందుకిలా? నిద్రనూ మెలకువనూ నడిపేది మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే చిన్న భాగం. తల గట్టిగా అదిరినప్పుడు ఆ చోటు కూడా దెబ్బతినొచ్చు. మనల్ని మెలకువగా ఉంచే ‘ఒరెక్సిన్’ అనే రసాయనం, మెదడుకు తీవ్రమైన గాయమైన తొలిరోజుల్లో చాలామందిలో బాగా తగ్గిపోతోందని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ పరిశోధకులు 2005లో గుర్తించారు. చీకటి పడ్డాక ‘ఇక పడుకో’ అని శరీరానికి కబురుపెట్టే మెలటోనిన్ హార్మోను కూడా కొందరిలో సాయంత్రంపూట తక్కువగా ఊరుతోందని ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు 2010లో చూపించారు. పగలు మెలకువ బలం తగ్గుతుంది, రాత్రి నిద్ర పిలుపు వినిపించదు. ఇక మనిషి ఏం చేస్తాడు?

వీటికి తోడు ఒంటినొప్పులు, తలనొప్పి, ప్రమాదం కళ్లముందు మెదలడం, డబ్బుల దిగులు... ఇవన్నీ కలిసి నిద్రను మరింత దూరం చేస్తాయి.

పాత ఫోను బ్యాటరీ

అలసట సంగతి వేరే. రోజంతా చెరకు కొట్టినవాడికీ అలసట వస్తుంది. అది రాత్రి పడుకుంటే పోతుంది. మెదడు గాయం తర్వాత వచ్చే అలసట అలా కాదు. పెద్ద పనేమీ చేయకుండానే ముంచుకొస్తుంది. విశ్రాంతి తీసుకున్నా పూర్తిగా వదలదు. కొందరిలో ఏళ్ల తరబడి ఉంటుంది.

దీనికి నిపుణులు చెప్పే కారణం తెలుసుకుంటే ఇంట్లోవాళ్ల మనసు కాస్త మెత్తబడుతుంది. గాయపడిన మెదడు పాత పనే చేయడానికి కూడా ముందుకన్నా ఎక్కువ శక్తి ఖర్చుపెట్టాలి. బేరమాడేవాడి మాట వినాలి, చేతిలో స్క్రూ జారకుండా చూసుకోవాలి, ఇవ్వాల్సిన చిల్లర గుర్తుంచుకోవాలి. మామూలు మనిషికి ఇవి వాటంతటవే జరిగిపోతాయి. గాయపడ్డవాడు మాత్రం ప్రతిదానికీ పట్టుబట్టి మనసు పెట్టాలి. చూసేవాళ్లకు ‘కూర్చునే కదా ఉన్నాడు’ అనిపిస్తుంది. లోపల మాత్రం మెదడు కొండెక్కుతున్నట్టే.

సెల్‌ఫోను కొట్టువాడి భాషలోనే చెప్పాలంటే... అది పాత ఫోను బ్యాటరీ. పొద్దున 100 చూపిస్తుంది. రెండు కాల్స్ మాట్లాడేసరికి 20కి పడిపోతుంది. ఫోను పాడైపోయిందని పారేయనక్కర్లేదు. కానీ కొత్తదానిలా వాడితే మాత్రం నడవదు.

మంచమే శత్రువైతే...

నిద్ర పట్టనివాడు సాధారణంగా ఏం చేస్తాడు? ఇంకా ముందే పడుకుంటాడు. పొద్దున ఇంకాస్త ఆలస్యంగా లేస్తాడు. మధ్యాహ్నం గంటన్నర పడుకుంటాడు. టీ ఎక్కువ తాగుతాడు. ఎవరికైనా ఇదే సరైన పనిలా అనిపిస్తుంది. ఇల్లంతా ‘రెస్టు తీసుకో’ అనే చెబుతుంది కూడా.

చిక్కంతా ఇక్కడే ఉంది! నిద్రలేమికి మూడు రకాల కారణాలుంటాయని అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ 1980ల్లోనే వివరించారు. మొదటిది, మనిషిలో ముందే ఉండే స్వభావం. రెండోది, నిద్రను చెడగొట్టిన సంఘటన. మూడోది, ఆ తర్వాత మనం చేసుకునే అలవాట్లు. నిద్రను మొదట చెడగొట్టేది దెబ్బే కావచ్చు, నెలలు గడిచేకొద్దీ ఆ నిద్రలేమిని మోసుకొచ్చేది మాత్రం ఎక్కువగా మూడోదే. పది గంటలు మంచం మీద ఉండి అయిదున్నర గంటలు నిద్రపోతే, మిగతా నాలుగున్నర గంటలు చేసేది దొర్లడం, దిగులుపడటం. ఇలా వారాలు గడిస్తే మెదడు ‘మంచం అంటే దిగులుపడే చోటు’ అని నేర్చేసుకుంటుంది. అప్పటిదాకా కుర్చీలో జోగిన మనిషికి మంచమెక్కగానే మెలకువ వచ్చేయడం అందుకే.

తగిలిన దెబ్బను వెనక్కి తీసుకోలేం. హైపోథలామస్‌ను విప్పి బాగుచేయలేం. కానీ మూడోదైన అలవాట్లను మార్చగలం. ‘మాటల వైద్యం’ పట్టుకున్న కొస ఇదే.

మాటలు... కొన్ని లెక్కలు

ఈ వైద్యం పూర్తి పేరు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. పొట్టిగా సీబీటీ. ఆలోచనల్నీ అలవాట్లనీ కలిపి సరిచేసే పద్ధతి ఇది. సీబీటీ అంటే ఎదురుగా కూర్చుని ధైర్యం చెప్పి పంపడమేనని చాలామంది అనుకుంటారు. ధైర్యం చెప్పడంతో పాటు ఇందులో లెక్కలుంటాయి, ఇంటిపని ఉంటుంది, నియమాలుంటాయి.

నిద్ర విషయంలో దీనికి అర్ధశతాబ్దం చరిత్ర ఉంది. ‘నిద్ర వస్తేనే మంచమెక్కు, రాకపోతే దిగిపో’ అనే పద్ధతిని అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ప్రతిపాదించారు. మంచం మీద గడిపే సమయాన్ని కుదించే పద్ధతిని 1987లో స్పీల్‌మన్ బృందం వెలుగులోకి తెచ్చింది. వీటికి ఆలోచనల్ని సరిదిద్దే పద్ధతి తోడైంది. ఎంతకాలంగానో నిద్ర పట్టని పెద్దలకు తొలి చికిత్సగా సీబీటీనే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫార్సు చేసింది. మాత్రల సంగతి ఆ తర్వాతే!

మరి మెదడు గాయపడినవారికి ఇది పనిచేస్తుందా? మతిమరుపు ఉన్నవాడు నియమాలు గుర్తుంచుకుంటాడా? ఈ అనుమానంతోనే క్యూబెక్‌లోని లావల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మేరీ క్రిస్టీన్ ఒలెట్, చార్లెస్ మోరిన్ 11 మందికి చికిత్స చేసి చూశారు. 2007లో ఫలితాలు చెప్పారు. 11 మందిలో 8 మందికి నిద్ర చెప్పుకోదగ్గంతగా మెరుగుపడింది. 2017లో మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో అడుగు వేశారు. నిద్రనూ అలసటనూ ఒకే చికిత్సలో కలిపారు. 24 మందిని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు ఎనిమిది విడతల సీబీటీ, రెండో జట్టుకు మామూలు వైద్యం ఇచ్చారు. మొదటి జట్టులో నిద్ర నాణ్యత పెరిగింది, రోజువారీ అలసట తగ్గింది, దిగులూ తగ్గింది. చికిత్స ముగిశాక కొన్ని నెలలకు చూసినా ఆ మేలు నిలిచే ఉంది.

11 మంది, 24 మంది... ఇవి చిన్న సంఖ్యలే. అందరికీ గ్యారంటీగా నయమవుతుందని వీటితో చెప్పలేం. గాయపడిన మెదడు కూడా కొత్త అలవాటు నేర్చుకోగలదని మాత్రం ఇవి చూపించాయి.

ఎనిమిది వారాల ప్రయాణం

మళ్లీ కార్వేటినగరం కుర్రాడి దగ్గరికి వద్దాం. అతను ఓ క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాడనుకుందాం. ఏం జరుగుతుంది?

మొదటి వారం మందూ లేదు, సలహా కూడా లేదు. చేతికో నోటుపుస్తకం ఇస్తారు. ఎన్నింటికి పడుకున్నాడు, సుమారుగా ఎప్పుడు నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచాడు, పొద్దున ఎప్పుడు లేచాడు, పగలు ఎంతసేపు పడుకున్నాడు... రోజూ రాయాలి. మరచిపోకుండా ఫోనులో అలారం. భార్య కూడా ఒక కన్నేసి ఉంచుతుంది. మాటలు తక్కువ, కాగితం ఎక్కువ! మెదడు గాయపడినవారి కోసం చేసిన ముఖ్యమైన మార్పు ఇదే. ఒక్కో విడతలో ఒకటి రెండు విషయాలే చెబుతారు. చెప్పింది రాసిస్తారు. మరుసటి వారం మళ్లీ గుర్తుచేస్తారు. ఇంటి మనిషిని పక్కన కూర్చోబెడతారు.

రెండో వారం లెక్క తేలింది. మంచం మీద పది గంటలు, నిద్ర అయిదున్నర. అంటే 55 శాతం. బాగా నిద్రపోయేవారికి ఇది 85 దాటుతుంది. ‘‘ఇకనుంచి మీరు రాత్రి పదకొండుకు పడుకుని అయిదుకు లేవాలి’’ అంటారు సైకాలజిస్టు. ‘‘నిద్రే చాలట్లేదంటే ఇంకా తగ్గిస్తారా మేడమ్?’’ అని అతను అదిరిపడతాడు. తగ్గిస్తున్నది నిద్రను కాదు, దొర్లడాన్ని. ఆరు గంటల్లో అయిదుంపావు గంటలు నిద్రపోతే అది 87 శాతం దాటుతుంది. అప్పుడు మరో పదిహేను నిమిషాలు కలుపుతారు. అలా వారం వారం పెంచుకుంటూ పోతే నాలుగు వారాలకు మంచం మీద గడిపే సమయం ఏడు గంటలకు చేరుతుంది, అందులో ఎక్కువభాగం గట్టి నిద్రే. 85 దాటని వారం పెంచరు, అంతే.

మూడో వారం మంచం నియమాలు. నిద్ర ముంచుకొచ్చినప్పుడే ఎక్కాలి. ఇరవై నిమిషాలైనా పట్టడం లేదనిపిస్తే లేచి వసారాలో కూర్చోవాలి. గడియారం చూడకూడదు. మంచం మీద ఫోను చూడటం, బాకీల లెక్కలు వేయడం బంద్. రాత్రి ఎలా గడిచినా పొద్దున అయిదుకు లేవాల్సిందే. లేచి పుష్కరిణి చుట్టూ ఓ అరగంట నడక. పొద్దుటి వెలుగు కళ్లలో పడితే శరీరంలోని గడియారం సరైన వేళకు తిరుగుతుంది.

నాలుగో వారం ఆలోచనల వంతు. ‘‘నిద్ర లేకపోతే తలలో నరం మళ్లీ చిట్లిపోతుందేమోనని భయం మేడమ్’’ అని ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటపెడతాడు. ఒక రాత్రి నిద్ర తగ్గినంత మాత్రాన మానిన గాయం మళ్లీ తెరుచుకోదని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అతను అడగలేదు! ‘‘రాత్రి నిద్ర లేని రోజు కొట్టు తీయలేను’’ అన్నది రెండో మాట. కాదని వాదించరు. నోటుపుస్తకం తెరవమంటారు. సరిగా నిద్రలేని రాత్రులు ఆరు. ఆ మర్నాడు కొట్టు తీసిన రోజులు నాలుగు. ఎవరో చెబితే నమ్మకపోవచ్చు, తన చేతిరాతను నమ్మక తప్పదు కదా!

అయిదు, ఆరు వారాలు అలసటవి. గాయపడినవారు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఒంట్లో బాగున్న రోజు పనంతా నెత్తిన వేసుకుంటారు. గంగజాతర రోజు కొట్టు రాత్రిదాకా తెరిచి, తర్వాత రెండు రోజులు మంచానికి అతుక్కుపోతారు. అందుకే పనిని ముక్కలు చేయాలి. నలభై నిమిషాల పని, పది నిమిషాల విరామం. లెక్కలు, సన్నటి రిపేర్లు లాంటి బుర్రపని పొద్దున్నే. మాటల రద్దీ ఉండే సాయంత్రం తమ్ముణ్నో భార్యనో తోడు పెట్టుకోవడం. బ్యాటరీ సున్నాకు పడకముందే చార్జింగ్ పెట్టాలి. మధ్యాహ్నం కునుకు తీయాల్సివస్తే మూడింటిలోపు, అదీ అరగంట మించకుండా. వీటితో పాటు రోజుకు కాస్త కాస్త చొప్పున నడక పెంచడం.

ఏడో వారం మిగిలిన దిగుళ్లు, చిరాకులు, ఇంట్లో గొడవల గురించి మాటలు. ఎనిమిదో వారం ‘మళ్లీ నిద్ర చెడితే ఏం చేయాలి?’ అన్నదానికి ఒకే కాగితం మీద తయారుచేసుకున్న జాబితా. ఆ కాగితం కొట్టులో గోడమీద ఉంటుంది.

అందరికీ ఒకటే కొలత కాదు

దీన్ని చదివి ఎవరికి వారు రేపట్నుంచే నిద్ర గంటలు కోసేసుకుంటే ప్రమాదం. తలకు గాయమైన కొందరికి తర్వాత మూర్ఛ వస్తుంది. నిద్ర ఒక్కసారిగా తగ్గితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటివారికి గంటల్ని కొద్దికొద్దిగా మాత్రమే సర్దుతారు. ఉన్మాదం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారి విషయంలోనూ అంతే. చికిత్స మొదటి వారాల్లో పగలు మగత ఎక్కువ కావచ్చు కాబట్టి బండి, ట్రాక్టరు నడపకూడదు. న్యూరాలజిస్టుకు తెలియకుండా ఏదీ మొదలుపెట్టకూడదు, వాడుతున్న మందులేవీ ఆపకూడదు.

నిద్ర చెడటానికి వేరే కారణం ఉంటే ముందు దాన్ని పట్టుకోవాలి. అమెరికాలో మెదడు గాయపడిన 87 మందికి నిద్ర పరీక్షలు చేసి 2007లో వెల్లడించిన ఫలితాల్లో 23 శాతం మందికి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం ఉందని తేలింది. గట్టిగా గురకపెట్టి, ఉక్కిరిబిక్కిరై లేచేవాళ్లకు మాటల వైద్యమొక్కటే సరిపోదు. రక్తహీనత, థైరాయిడ్, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినడం, కుంగుబాటు... ఇవీ అలసట తెస్తాయి. కొన్ని మూర్ఛ మందులు, నొప్పి మందులు మగతనిస్తాయి. ఇవన్నీ చూసేది వైద్యులే.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్రల సంగతి మరీ జాగ్రత్త. కొన్ని రకాలు గాయపడిన మెదడులో మతిమరుపును, తూలి పడిపోవడాన్ని పెంచుతాయి. ‘ఓ పెగ్గేస్తే నిద్రొస్తుంది’ అనే స్నేహితుల సలహా అంతకన్నా చేటు. మద్యంతో వచ్చిన నిద్ర అర్ధరాత్రికే చెదిరిపోతుంది. పైగా ఫిట్స్ భయం.

దగ్గర్లో ఎక్కడ?

ఈ వైద్యం పల్లెల్లో దొరకదన్నది నిజమే. మండల కేంద్రంలో క్లినికల్ సైకాలజిస్టు ఉండటం అరుదు. తెలుగులో, అందులోనూ మన యాసలో మాట్లాడేవారు ఇంకా అరుదు. అలాగని దారే లేదనుకోనక్కర్లేదు. తలకు ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలోనే న్యూరాలజీ విభాగాన్ని అడగాలి. ‘నిద్ర పట్టడం లేదు, నీరసంగా ఉంది’ అని రోగి తనంతట చెప్పకపోతే, స్కానింగ్ చూసి పంపే హడావిడిలో ఆ మాట ఎవరూ అడగకపోవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదడు గాయపడినవారి జ్ఞాపకశక్తి, ఏకాగ్రతలను మెరుగుపరిచే న్యూరోసైకాలజీ నిపుణులు ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో వాళ్లే చెబుతారు.

రాయవేలూరు సీఎంసీ పేరు తెలియని ఇల్లు ఈ వైపు లేదు. అక్కడి డాక్టరు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఆ కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలవడానికి ఆమే కారణం. ప్రాణం నిలిపితే వైద్యం అయిపోదు, మనిషిని మళ్లీ తన బతుకులోకి నడిపించాలి అన్న ఆలోచన మన పక్క ఊళ్లోనే అరవై ఏళ్ల కిందట వేళ్లూనుకుంది. నిద్రకూ అలసటకూ చేసే ఈ మాటల వైద్యం కూడా ఆ పనిలో ఒక భాగమే.

ఇంట్లోవాళ్ల మాటే సగం బలం

నిపుణుడు కనిపించేది వారానికి ఓ గంట. మిగతా సమయమంతా ఉండేది ఇంట్లోవాళ్లే. వాళ్లు చేయగల మేలు చాలా ఉంది. అతను పదకొండు దాకా మేలుకుని ఉండాలంటే ఎవరో ఒకరు కబుర్లు చెప్పాలి. అయిదింటికి లేవాలంటే తోడుగా ఇంకొకరు లేవాలి. విరామం తీసుకునే పది నిమిషాల్లో టీవీ సౌండు తగ్గించాలి. అన్నిటికన్నా ముందు ‘సోమరి’ అనే మాట ఆ ఇంట్లో వినిపించకూడదు. ఆ మాట విన్న రోజున మనిషి శక్తికి మించి పనిచేస్తాడు. మర్నాడు పూర్తిగా పడిపోతాడు. అప్పుడు అందరికీ ఆ మాటే నిజమనిపిస్తుంది.

పుత్తూరు కట్టుతో వసారాలో కూర్చున్నవాణ్ని ‘ఎందుకు నడవడం లేదు?’ అని ఎవరూ అడగరు. కట్టు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి. మెదడు అలసటకు కట్టు లేదు. ఉన్నదల్లా ఆ నోటుపుస్తకమే. పొద్దున్నే ‘‘ఇంకా లెయ్యలేదా?’’ అని కాకుండా, ‘‘రాత్రి ఎంతసేపు పట్టింది నాయనా నిద్ర? రాసుకున్నావా?’’ అని అమ్మ అడిగిన రోజున, కార్వేటినగరంలోని ఆ ఇంట్లో సగం వైద్యం మొదలైనట్టే.

నిద్ర డైరీ ఇలా...

* పొద్దున లేచిన అరగంటలోపు రాయాలి. రాత్రి గడియారం చూస్తూ రాయకూడదు. అంచనా చాలు.

* పడుకున్న వేళ, నిద్రపట్టిన వేళ, మధ్యలో మెలకువలు, లేచిన వేళ... ఈ నాలుగూ తప్పనిసరి.

* పగటి కునుకు, టీ-కాఫీలు, వేసుకున్న మందులు, మద్యం ఉంటే అదీ రాయాలి.

* రోజుకు మూడుసార్లు అలసటకు 0 నుంచి 10 వరకు మార్కులు వేయాలి. ఆ ముందు గంటలో ఏ పని చేశారో పక్కన రాయాలి. ఏ పని ఎక్కువగా లాగేస్తోందో రెండు వారాల్లో తెలిసిపోతుంది.

* గురక, ఊపిరి ఆగడం, కాళ్లు విదిలించడం లాంటివి పక్కన పడుకున్నవారు గమనించి రాయాలి.

* డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు స్కానింగ్ రిపోర్టులతో పాటు ఈ డైరీ కూడా తీసుకెళ్లాలి. గుర్తుచేసుకుని చెప్పే దానికన్నా రాసి చూపించింది ఎక్కువ పనికొస్తుంది.